కేజీలకు తరుగుదల

బెవర అసిరినాయుడికి హెర్నియా బరువులు ఎత్తడం వల్ల రాలేదు. పురపాలక సంఘం వల్ల వచ్చింది.

జనపనార మిల్లులో ముప్పయ్యేళ్ళు బేళ్ళు మోశాడు. తెల్లారితే తాలింఖానాకి వెళ్ళి ఇనుము ఎత్తాడు. ఏనాడూ అతని కడుపు కిక్కురుమనలేదు. గరుగుపాలెం పురపాలక సంఘం మురుగుకాలవ కోసమని అతని వీధి తవ్వి, మట్టి రోడ్డు మీద పోసి, ఆ సంగతి మరిచిపోయింది. ఏడాది పాటు ఆ దుమ్ము పీల్చి అసిరినాయుడు దగ్గాడు. ఒకనాడు దగ్గుతూ ఉంటే పొత్తికడుపు పక్కన నిమ్మకాయంత ఉబ్బు బయటికి వచ్చి, ఇంక లోపలికి పోనని కూర్చుంది.

డాక్టర్ శాంభవి ఆపరేషను చేసి, బలహీనపడ్డ చోట సన్నని వల వేసి కుట్టింది.

"మళ్ళీ ఎత్తొచ్చా తల్లీ?" అన్నాడు, మత్తు వదిలాక మొట్టమొదటి మాటగా.

"ఎత్తొచ్చు. రెండు నెలలు మాత్రం నీళ్ళ బిందె కూడా ముట్టుకోకండి. తర్వాత అయిదు కేజీలతో మొదలెట్టండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, వదలాలి. నొప్పి తెలిస్తే దించెయ్యాలి. కాస్త కాస్త పెంచుకుంటూ వెళ్తే వచ్చే ఏడాదికి ఇదివరకు ఎత్తిన బరువు మళ్ళీ ఎత్తుతారు. తొందరపడితే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఇంట్లో చూసుకోడానికి ఎవరున్నారు?"

"గోడలున్నాయి."

నాలుగేళ్ళ కిందట భార్య నరసమ్మ పోయింది. ఆమె పోయిందన్న సంగతి పురపాలక సంఘం ఏడు నెలల దాకా ఒప్పుకోలేదు. అంతవరకూ ఆమె పేరునే కుళాయి పన్ను నోటీసులు పంపుతూ, కట్టనందుకు ఆమెనే మందలిస్తూ వచ్చింది. అసిరినాయుడు ఆ నోటీసులు మరిచిపోలేదు. దినకర్మలకి రాని చుట్టాల్ని కూడా మరిచిపోలేదు. వచ్చి కూరలో ఉప్పు తక్కువైందన్న వాళ్ళని మరీ మరిచిపోలేదు. అందువల్ల అతనితో మాట్లాడేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

ఇంట్లో ఒక మంచం, నాలుగు గిన్నెలు, గోడ మీద ఫోటో. పెరట్లో రుబ్బురోలు, దానిలో పొత్రం. నాలుగేళ్ళుగా ఆ రోల్లో పప్పు పడలేదు. మరదలు ఒకసారి అడిగింది, ఊరికే పడి ఉందిగా బావా, నేను పట్టుకెళ్తానని. అసిరినాయుడు ఆవిడ వెళ్ళాక వీధి తలుపు గడియ వేశాడు. అదే సమాధానం.

తాలింఖానా లేకపోతే రోజుకి నాలుగు మాటలు కూడా వినపడవు. అక్కడ కుర్రాళ్ళు వేళాకోళం చేస్తారు, మేకమాంసం కొట్టు ముత్యాలు తిడతాడు, ఇనుము ఠంగుమంటుంది. అదే అతనికి లోకం. రెండు నెలలు గోడలు చూసి, మూడో నెల మొదటి రోజున డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరాడు.

*

తాలింఖానా అని అతను అంటాడు గాని, ఆ పేరు ఇప్పుడు లేదు. కిందటేడు పురపాలక సంఘం దాన్ని స్వాధీనం చేసుకుని 'పురపాలక సమగ్ర దేహదారుఢ్య వికాస కేంద్రం' అని బోర్డు పెట్టింది. బోర్డు పొడవు గోడ కన్నా ఎక్కువైంది. చివరి మాట పక్కనున్న సారా కొట్టు గోడ మీదకి వెళ్ళింది. ఊళ్ళో వాళ్ళు ఆ కొట్టునే కేంద్రం అనడం మొదలెట్టారు.

పర్యవేక్షణాధికారి పతివాడ గుణేశ్వరరావు. అంతకుముందు వీధిదీపాలు చూసేవాడు. వీధిలో వెలగని దీపాల్ని కాగితం మీద వెలిగించడంలో ఆయనకి మంచి పేరు ఉంది.

ఆయన చీటీని రెండు చేతుల్తో పట్టుకుని చదివాడు. "అయిదు కిలోలకు మించరాదు. సంతోషం. తమరు అయిదు కిలోలకు లోబడి భారోత్థానం చేయుటకు అర్హులని కేంద్రం గుర్తించుచున్నది. అయితే కేంద్రమందు పది కిలోల బిళ్ళయే కనిష్ఠం. కావున తమరు ఎత్తరాదు."

"అయిదువి రెండు కొనండి బాబూ."

"కొనుగోలుకు ముందు, ఉన్న సామగ్రి చాలదని ఆడిట్ వారు ధ్రువీకరించవలెను."

"పోనీ, మా ఇంటికాడ నుంచి ఏదైనా తెచ్చుకుంటాను."

గుణేశ్వరరావు కళ్ళజోడు తీశాడు. "ప్రైవేటు బరువు ప్రభుత్వ ఆవరణలోకి ప్రవేశించరాదు, అసిరినాయుడు గారూ. రేపు అది ఎవరి మీదనైనా పడితే, పడినది ఎవరి బరువు అన్న ప్రశ్న వస్తుంది."

మూల బెంచీ మీద ముత్యాలు చెమట తుడుచుకుంటున్నాడు. "ఏటి బావా, కడుపుకి కుట్లేస్తే నోటిక్కూడా ఏసీసినారేటి? ఇదివరకైతే ఈపాటికి ఆయన కుర్సీ ఎత్తి బయటెట్టుందువు."

"కుర్చీ పది కేజీలుంటాది. రెణ్ణెల్లాగు," అన్నాడు అసిరినాయుడు.

పదిహేను రోజులు వరుసగా రాని సభ్యుడి పేరు 'అశక్తుల జాబితా'లోకి వెళ్తుందని కొత్త నియమం. అందులోకి వెళ్ళినవాడు మళ్ళీ గడప తొక్కాలంటే తాను శక్తుడినని కేంద్రంలో బరువు ఎత్తి చూపాలి. గడప తొక్కకుండా. అందుకని అసిరినాయుడు రోజూ వచ్చి, సంతకం పెట్టి, ఖాళీ చేతులు పైకీ కిందికీ ఊపి వెళ్ళిపోయేవాడు. గాలి ఎత్తుతున్నాడని కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాడు. గోడలైతే అదీ చెయ్యవు.

*

ఆడిట్ అధికారి చేబియ్యం సాంబమూర్తి ఒక సోమవారం వచ్చాడు. సన్నని కాళ్ళు, సన్నని చేతులు, మధ్యలో కుర్చీ జీవితం ఇచ్చిన బొజ్జ. గుణేశ్వరరావు తెప్పించిన కాఫీ వద్దని, సంచీలోంచి సీసా తీసి తన నీళ్ళు తాగాడు. వడ్డించిన జీడిపప్పు వంక చూడలేదు. ఆయన నూటికి నూరుపాళ్ళు నిజాయితీపరుడు. అందువల్ల ఆయన్ని ఆపడానికి మార్గం లేదు.

"ఈ ఇనుప బిళ్ళలు ఎప్పుడివి?"

"మిల్లువారు ఏడేళ్ళ కిందట తాలింఖానాకి విరాళంగా ఇచ్చినవి, సార్. ఆ పాత రిజిస్టరే నడుస్తోంది."

"తరుగుదల రాశారా?"

గుణేశ్వరరావు రిజిస్టరు తిరగేశాడు. "లేదు, సార్."

"ఏడేళ్ళుగా పది కిలోల బిళ్ళ పది కిలోలే అని రాస్తూ వస్తున్నారా? కుర్చీకి తరుగుదల ఉంది. ఫ్యానుకి ఉంది. కమిషనరు గారి జీపుకి ఉంది. ఈ బిళ్ళ ఒక్కటీ మీకు చుట్టమా?"

"విరాళం కావడం వల్ల ధర కాలమ్ ఖాళీగా ఉంది, సార్. ఉన్నదల్లా పరిమాణం కాలమే. అందులో కిలోలున్నాయి."

"ధర లేదని తరుగుదల మానేస్తామా? ఏ కాలమ్‌లో అంకె ఉంటే దాని మీదే రాయాలి." సాంబమూర్తి కలం మూత తీశాడు. "ఇనుప సామానుకి ఏడాదికి పదో వంతు, ఏ ఏడు మిగిలినదాని మీద ఆ ఏడు. ఏడేళ్ళు."

లెక్క వేశాడు. మళ్ళీ సరిచూసుకున్నాడు. పది కిలోల బిళ్ళ అయిదు కిలోల లోపుకి వచ్చింది.

మిల్లు పెట్టిన కొత్తలో చేయించిన పెద్ద రాడ్డు ఒకటి మూల ఉంది. అరవై కేజీలు. కుర్రాళ్ళు దాన్ని 'దున్నపోతు' అంటారు. నలభై ఏళ్ళది. సాంబమూర్తి దానికీ లెక్క కట్టాడు. కేజీ లోపుకి వచ్చింది.

"ఇంత తేలిక వస్తువుకి ఇంత చోటు ఎందుకు?" అని రాసి సంతకం పెట్టాడు.

అయిదు కేజీల బిళ్ళలు కొనవలసిన అవసరం లేదని తేలిపోయింది. ఉన్నాయి. ఏడేళ్ళ తరుగుదల ఎవరూ గమనించకపోవడం వల్ల ఇన్నాళ్ళూ కనపడలేదు, అంతే. మర్నాటికల్లా పెయింటరు వచ్చి బిళ్ళల మీద '10' చెరిపి '5' రాశాడు.

*

"అసిరినాయుడు గారూ, తమ నిరీక్షణ ఫలించినది," అని గుణేశ్వరరావు కేంద్రంలో అందరి ముందూ బిళ్ళ చూపించాడు. రంగు ఇంకా ఆరలేదు.

అసిరినాయుడు వంగాడు. డాక్టరు చెప్పినట్టు ఊపిరి వదుల్తూ బిళ్ళ జానెడు లేపాడు. వల వేసిన చోట ఎవరో లోపల్నుంచి చిటికెన వేలితో తట్టినట్టయింది. బిళ్ళ దించేశాడు.

"ఇది పది."

"అయిదని రాసి ఉన్నది."

"నా కడుపుకి సదువు రాదు బాబూ."

గుణేశ్వరరావు మొహం గంభీరమైంది. "తమ కడుపు రికార్డుకు విరుద్ధంగా వాంగ్మూలం ఇస్తున్నది. ఇది మంచి ధోరణి కాదు."

ముత్యాలు లేచి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళి, తన కొట్లోంచి కాటా మోసుకొచ్చాడు. బిళ్ళ దాని మీద పెట్టాడు. పది చూపించింది.

"ఇది మాంసం తూచు యంత్రం," అన్నాడు గుణేశ్వరరావు.

"ఇనపదానికి ఏరే, ఏటమాంసానికి ఏరే కేజీలుంటాయేటి బాబూ?"

"ఈ యంత్రం వయసెంత?"

"నాలుగేళ్ళు."

"దానికి తరుగుదల రాశారా? లేదు. రాయని యంత్రం ఎక్కువ చూపక ఏమి చేస్తుంది?"

ముత్యాలు కాటా వంక చూశాడు, గుణేశ్వరరావు వంక చూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఊరి వాళ్ళు తన తూకాన్ని అనుమానిస్తున్నారు గాని, ఎక్కువ చూపుతోందని ఎవరూ అనలేదు. కాటా ఎత్తుకుని పోయాడు.

ఆ సాయంత్రం అసిరినాయుడు పెరట్లో చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, రోల్లోంచి ఎండుటాకులు తీసిపారేసి, పొత్రం మీద ఇన్ని నీళ్ళు పోశాడు. నల్లగా తేలింది. నరసమ్మ పట్టుకునే చోట రాయి నున్నగా ఉంది. అతని చేతికి ఆ పట్టు చిన్నది. రెండు చేతుల్తో పట్టుకుని, ఊపిరి వదుల్తూ లేపాడు. మోకాళ్ళ దాకా, నడుం దాకా. కడుపు ఏమీ అనలేదు.

"నువ్వు నయం," అన్నాడు. ఫోటోతోనో రాయితోనో అతనికే తెలియదు.

రోజూ పొద్దున్నే కేంద్రంలో గాలి ఎత్తడం, సాయంత్రం ఇంట్లో పొత్రం ఎత్తడం. ముత్యాలు ఒకనాడు చూసి, వేళాకోళానికి పొత్రం చేతిలోకి తీసుకున్నాడు.

"పెట్టు," అన్నాడు అసిరినాయుడు.

"అరిగిపోద్దేటి బావా?"

"పెట్టు."

ముత్యాలు పెట్టేశాడు.

*

ఇంతలో కేంద్రానికి ఒక చిక్కు వచ్చింది. వంద కేజీలు ఎత్తే కుర్రాళ్ళందరూ కొత్త అంకెల ప్రకారం యాభైకి దిగువకి పడిపోయారు. 'మీ కేంద్రము స్వాధీనమైన పిమ్మట పట్టణ యువత బలము సగమగుటకు కారణమేమి' అని పై నుంచి సంజాయిషీ అడిగారు.

గుణేశ్వరరావు రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు వీధిదీపాల అనుభవం అక్కరకొచ్చింది. ఇంటిపన్ను వెయ్యడానికి పాత ఇళ్ళ విలువ పెంచుతారు కదా, పాత బిళ్ళల విలువ ఎందుకు పెంచకూడదు? ఊళ్ళో ఇనుము ధర రెండింతలైంది. కాబట్టి బిళ్ళ బరువూ రెండింతలు కావాలి. పది ఇరవై కావాలి.

అయితే ఆడిట్ వారు రాసిన అయిదు చెరపడానికి వీల్లేదు. బిళ్ళకి రెండు ముఖాలుండటం ఆయన అదృష్టం. ఒక పక్క '5' అలాగే ఉంచి, రెండో పక్క '20' రాయించాడు. అయిదు వైపు శస్త్రచికిత్సానంతర బరువు. ఇరవై వైపు ప్రతిభా బరువు. రోగులు ఒక పక్క నుంచి, వీరులు ఇంకో పక్క నుంచి ఎత్తాలని గోడ మీద సూచన.

ఊరు విరగబడింది. కిరాణా కొట్టు శెట్టిగారు ప్రతిభా పక్క నుంచి నలభై ఎత్తి ఫోటో తీయించుకుని, కొట్లో వినాయకుడి పక్కన తగిలించాడు. కౌన్సిలర్లు వరుసగా వచ్చారు. ఒకాయన బిళ్ళ పొరపాటున తిప్పి పట్టుకున్నాడు. ఫోటోలో అయిదు పడింది. మర్నాడు ప్రతిపక్షం వాళ్ళు ఆయన రాజీనామా అడిగారు.

అసిరినాయుడు మూల నిలబడి గాలి ఎత్తుతూ ఇదంతా చూశాడు. ఒకనాడు ఎవరూ లేనప్పుడు బిళ్ళని ఇరవై వైపు తిప్పి, కాసేపు చూసి, మళ్ళీ అయిదు వైపుకి తిప్పి పెట్టాడు. ఇరవై చూస్తే చెయ్యి కొంచెం దురదపెట్టిన మాట నిజం. ఎత్తలేదు.

"తమరే మిగిలిపోయారు," అన్నాడు గుణేశ్వరరావు, అతని పక్కకి వచ్చి. గొంతులో చక్కెర ఉంది. "వచ్చే ఆదివారం 'శస్త్రచికిత్సానంతర పునర్భారోత్థాన దినోత్సవం' జరుపుతున్నాము. చైర్మన్ గారు విచ్చేస్తారు. తమరు వేదికపై ఒక్కసారి బిళ్ళ ఎత్తాలి. అయిదు తమ వైపు ఉంటుంది. ఇరవై ప్రజల వైపు ఉంటుంది. వైద్యుల మాట నిలుస్తుంది, కేంద్రం కీర్తి నిలుస్తుంది."

"ఎత్తకపోతే?"

"అశక్తుల జాబితా, అసిరినాయుడు గారూ. శాశ్వతంగా. చేతులు ఊపడం వ్యాయామం కాదని నిన్ననే స్పష్టీకరణ వచ్చినది."

ఆ రాత్రి అసిరినాయుడికి అన్నం సయించలేదు. ఎత్తితే కడుపు పోతుంది. ఎత్తకపోతే తాలింఖానా పోతుంది. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళి, పది అయితే ఏమవుతుందని అడిగాడు.

"మీది అయిదు కదా?" అంది ఆవిడ.

"ఒక పక్క అయిదే."

డాక్టర్ శాంభవి చాలాసేపు అతని మొహం చూసి, మత్తు మందు ప్రభావం ఇన్ని నెలలు ఉండదే అని గొణుక్కుంది. "ఇంకో నెల ఆగితే పది కూడా ఎత్తుతారు. ఇప్పుడు వద్దు. సభల్లో అసలే వద్దు. జనం చూస్తుంటే మగవాళ్ళు ఊపిరి బిగపడతారు."

*

ఆదివారం పందిరి వేశారు. వేదిక మీద చెక్క పలకలు, వాటి మీద జంపఖానా, ముందు వరుసలో చైర్మన్ గారు. ఆయన పక్కన సాంబమూర్తి. కొనుగోలు ఖర్చు తప్పించినందుకు ఆయనకి సన్మానం. శాలువా తీసుకుంటే బహుమతి తీసుకున్నట్టు అవుతుందని, కప్పించుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశాడు. వేదికకి అందంగా ఉంటుందని దున్నపోతుని కూడా నలుగురు కుర్రాళ్ళు మోసుకొచ్చి మధ్యలో పెట్టి, బంతిపూలు కట్టారు. దాని మీద తాటికాయంత అక్షరాలతో 'కిలో లోపు' అని ఉంది.

మైకులో గుణేశ్వరరావు అసిరినాయుడి గురించి చెప్పాడు. కడుపు చీల్చినా చెక్కుచెదరని పౌరుడన్నాడు. అసిరినాయుడు మెట్లెక్కి బిళ్ళ ముందు నిలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. ముత్యాలు ముందుకొచ్చి నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

చప్పట్లు బాగున్నాయి. అంతమంది తన వంక చూసి ఎన్నాళ్ళయిందో. అసిరినాయుడు వంగాడు. బిళ్ళ మీద చేతులు వేశాడు. ఊపిరి దానంతట అదే బిగుసుకుంది. అది తెలిసి, చేతులు తీసేసి లేచి నిలబడ్డాడు.

"ఎత్తను."



"అయిదు కిలోలే కదా, నాయుడుగారూ," అన్నాడు గుణేశ్వరరావు, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

"పది. అయిదైతే నువ్వెత్తు బాబూ."

"పర్యవేక్షణాధికారి స్వయంగా ఎత్తుటకు నిబంధనలలో అవకాశం లేదు."

ముందు వరుసలో కుర్చీ చప్పుడైంది. సాంబమూర్తి లేచాడు. ఆయన మొహం ఎర్రబడింది. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన లెక్క తప్పని నలుగురిలో అన్నవాడు లేడు.

"పది అంటున్నారా? నా సంతకం ఉన్న అంకెని తప్పంటున్నారా?" వేదిక ఎక్కాడు. చొక్కా చేతులు మడిచాడు. బిళ్ళ వంక కూడా చూడలేదు. తిన్నగా దున్నపోతు దగ్గరికి వెళ్ళాడు. "ఇది కిలో లోపు. నలభై ఏళ్ళ తరుగుదల. నేనే వేశాను. చూడండి."

పందిట్లో తాలింఖానా కుర్రాళ్ళు ఒక్కసారిగా లేచారు.

అసిరినాయుడికి ఆ మనిషి మీద జాలి ఏమీ లేదు. అయినా నోరు ఊరుకోలేదు. "బాబూ, ఆగండి. ఎత్తే పనైతే ఊపిరి బిగపట్టకండి. వదలండి."

"కిలోకి ఊపిరితో పనేమిటయ్యా," అని సాంబమూర్తి వంగి, రెండు చేతుల్తో రాడ్డు పట్టుకున్నాడు.

నిజాయితీగా ఎత్తాడు. నమ్మకం ఎంత పని చేస్తుందో ఆ రోజు గరుగుపాలెం చూసింది. అరవై కేజీల ఇనుము, ఏనాడూ ఫైలుకి మించి మోయని చేతుల్లో, జానెడు లేచింది. బంతిపూలు ఊగాయి. సాంబమూర్తి కళ్ళలో ఒక్క క్షణం, లెక్క సరిపోయినప్పటి వెలుగు కనపడింది. తర్వాత ఆయన 'హుక్' అన్నాడు. కడుపు పట్టుకుని చతికిలబడ్డాడు. దున్నపోతు పడి వేదిక పలకలు రెండు విరిగాయి.

గుణేశ్వరరావు మైకు తీసుకున్నాడు. "శాంతించండి. కిలో లోపు బరువుకే వేదిక పలకలు విరిగినవి. పలకల నాణ్యతపై విచారణ జరిపించగలము."

*

డాక్టర్ శాంభవి ఆయనకీ వల వేసి కుట్టింది. పక్క మంచానికి ఎవరొచ్చినా, కారణం అడిగితే సాంబమూర్తి గోడ వైపు తిరిగేవాడు.

ఆస్పత్రి ఖర్చుల కోసం ఆయన పెట్టుకున్న కాగితం పురపాలక సంఘం తిప్పి పంపింది. 'కిలో లోపు బరువు ఎత్తుట వలన హెర్నియా రాదు. సదరు బరువును తాము స్వయంగా ధ్రువీకరించియున్నారు.' కింద ఆయన సంతకం నకలు జతచేశారు. ఆ తరుగుదలని రద్దు చేసే అధికారం ఆయన ఒక్కరికే ఉంది. కాని సొంత లాభం ఉన్న విషయంలో సంతకం పెట్టడం నియమ విరుద్ధం. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "సరిగ్గా ఉంది," అని ఫైలులో పెట్టుకున్నాడు.

అసిరినాయుడి పేరు ఆదివారం సాయంత్రమే అశక్తుల జాబితాలోకి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే లేచి, అలవాటు ప్రకారం వీధి మలుపు దాకా నడిచి, వెనక్కి వచ్చాడు. పెరట్లో పొత్రం ఎత్తాడు. అది తేలికైపోయాక రెండు ఇటుకలు కలిపి కట్టుకున్నాడు. ఆ తర్వాత నిండు బిందె. గోడలు చూస్తూ ఉండేవి. మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు.

రెండు నెలలు దాటాక ఒక ఉదయం ఎవరో వీధి తలుపు తట్టారు. సాంబమూర్తి. బొజ్జ తగ్గింది. చేతిలో డాక్టరు చీటీ.

"అయిదు కిలోలతో మొదలెట్టమన్నారు," అన్నాడు గడప అవతల నుంచే.

"కేంద్రంలో ఉన్నాయి కదా బాబూ అయిదులు. మీరు రాసినవే."

సాంబమూర్తి చాలాసేపు కాలవ మట్టి వంక చూశాడు. అది ఇంకా అక్కడే ఉంది. "అక్కడ రద్దీగా ఉంది," అన్నాడు.

అసిరినాయుడు తలుపుకి అడ్డం నిలబడే ఉన్నాడు. ఈయన వల్లే తాలింఖానా పోయింది. మరిచిపోయే రకం కాదు తను. తలుపు వెయ్యడానికి చెయ్యి కూడా లేచింది. కాని ఆ మనిషి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన తీరు తనకి తెలుసు. దగ్గు వస్తుందేమోనని భయపడుతూ నిలబడే తీరు అది.

"రండి," అన్నాడు.

వెనకే ముత్యాలు కాటాతో దిగబడ్డాడు. "సారు మీ ఇంటికి దారడిగితే నానే సూపించాను బావా. కాటా కూడా ఉంటే మంచిదని తెచ్చినాను. దీనికి తరుగుదల రాయించలేదు సారూ, ఉన్నదున్నట్టే సెప్తాది."

సాంబమూర్తి పెరట్లో రోలు పక్కన గొంతుక్కూర్చుని, పొత్రాన్ని అన్ని వైపుల నుంచీ పరిశీలించాడు. అంకె కోసం వెతుకుతున్నాడని అసిరినాయుడికి అర్థమైంది.

"రాసిలేదు బాబూ."

"కొన్నది ఎప్పుడు?"

"పెళ్ళైన ఏడాది. అయిదు కేజీల రాయని చెప్పి అమ్మాడు."

"అంటే..." సాంబమూర్తి వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఏడాదికి పదో వంతు దాకా వచ్చి ఆగిపోయాయి. "తూచండి," అన్నాడు.

ముత్యాలు పొత్రం మీద చెయ్యి వెయ్యబోయి అసిరినాయుడి వంక చూశాడు. అసిరినాయుడు తనే ఎత్తి కాటా మీద పెట్టాడు. ముగ్గురూ వంగి చూశారు. అయిదుకి కొంచెం తక్కువ చూపించింది.

"తక్కువుంది," అన్నాడు సాంబమూర్తి, అలవాటు కొద్దీ. "ఆ తరుగు ఎటు పోయినట్టు?"

"ఇడ్లీల్లోకి, అట్లల్లోకి. పప్పుతో పాటు రాయీ అరుగుతాది. ఆవిడ రుబ్బింది. ఇద్దరం తిన్నాం."

సాంబమూర్తి చెయ్యి జేబులో కలం మీదకి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉండి, ఖాళీగా బయటికి వచ్చింది.

"అభ్యంతరం లేదు," అన్నాడు.

ముందు రాత్రి అసిరినాయుడు ఎందుకో గుప్పెడు మినపప్పు నానబెట్టాడు. ఏం చేసుకోవాలో తెలియక పొద్దుట్నుంచీ గిన్నె వంక చూస్తూ ఉన్నాడు. ఇప్పుడు లోపలికి వెళ్ళి ఆ గిన్నె తెచ్చి, రోలు కడిగి, పప్పు అందులో పోశాడు. పొత్రం పెట్టి, దాని నున్నటి చోటు సాంబమూర్తి చేతికి అందేలా తిప్పాడు.

"ఎత్తే ముందు రుబ్బండి బాబూ," అన్నాడు. "ఊపిరి వదుల్తూ."